ఢిల్లీ రెండు రోజుల కాయ

మా మావయ్యగారు ఏ ఊరి దూరాన్నీ కిలోమీటర్లలో చెప్పేవారు కాదు. ఆయన లెక్కలో విజయవాడ ఒక రోజు కాయ. హైదరాబాదు మూడు రోజుల కాయ. లారీల కాలంలో ఢిల్లీ ఆరు రోజుల కాయ. అంటే ఇక్కడ చెట్టు నుంచి దించిన ఆరో రోజుకి సరిగ్గా పండే మామిడికాయను ఏరి ఢిల్లీ పెట్టెలో పెట్టాలన్నమాట. ముందే పండితే దారిలో కుళ్లుతుంది. ఆలస్యమైతే తిన్నవాడు మొహం చిట్లించుకుని ఇంకోసారి కొనడు. ఆయన కాయను అరచేతిలోకి తీసుకుని, తొడిమ పక్కన బొటనవేలితో ఒక్కసారి మెల్లగా నొక్కి, "మూడు" అనేవారు. మూడో రోజుకి అది పండేది. నలభై ఏళ్లుగా నూజివీడు చుట్టుపక్కల ఆ వేలికి ఎదురు చెప్పినవాళ్లు లేరు.

నేను ఆ ఇంటి కోడలిని. నా బతుకంతా వేరే లెక్క. విజయవాడలో ఒక పార్సిల్ ఆఫీసులో పదకొండేళ్లు పనిచేశాను. "మీ పార్సిల్ డెలివరీకి బయలుదేరింది" అని మెసేజ్ వెళ్లే సమయానికి ఆ పార్సిల్ చాలాసార్లు నా కుర్చీ పక్కనే ఉండేది. దాని మీద టిఫిన్ బాక్సు పెట్టుకుని తిన్న రోజులు కూడా ఉన్నాయి. అలాంటి ఉద్యోగం చేసినవాళ్లకి అనుమానం రాకపోతే ఆశ్చర్యపోవాలి. పెళ్లిచూపుల్లో తన ఎత్తు నమ్మక నేను తనని గుమ్మం పక్కన నిలబెట్టి చూశానని మా ఆయన అందరికీ చెబుతుంటారు. అది అబద్ధం. కూర్చున్నచోటు నుంచే అంచనా వేశాను.

ఆ ఆఫీసు మూతపడ్డాక ముసునూరు దగ్గర మా తోటలో ఉన్న షెడ్డు పని నా చేతికి వచ్చింది. వచ్చిన రెండో వేసవిలో ఢిల్లీలో స్థిరపడ్డ ఒక తెలుగాయన ఫోన్ చేశారు. అక్కడి తెలుగు ఇళ్లకి నూజివీడు చిన్నరసాలు కావాలట. చిన్నరసం నాజూకు కాయ. లారీలో, ఎండలో అన్ని రోజులు ఊగుతూ పోతే తినడానికేం మిగలదు. "గన్నవరం నుంచి విమానంలో వేసేయండి. ఎంతండీ, రెండున్నర గంటలు" అన్నారాయన.

ఆ "ఎంతండీ" దగ్గరే నాకు మొదటి అనుమానం వచ్చింది. మా తోట దగ్గర రోడ్డెక్కి, బస్సు కోసం నిలబడి, నూజివీడులో మారి విజయవాడ చేరడానికి కూడా అంతే పడుతుంది. ఫోనులో చూశాను. గన్నవరం నుంచి ఢిల్లీ ఆకాశమార్గాన సుమారు పద్నాలుగు వందల కిలోమీటర్లు. ఒకచోట రెండు గంటల ఇరవై నిమిషాలని ఉంది, ఇంకోచోట రెండు గంటల నలభై. టికెట్లు అమ్మేవాళ్లు ఇంకో అంకె వేశారు. మూడు అంకెలు చెప్పే మనిషిని ఎవరూ నమ్మరు గాని, విమానం అనేసరికి అందరూ నమ్మేస్తారు.

మావయ్యగారు ఆ అంకెలేవీ వినిపించుకోలేదు. "గాల్లో ఎంతసేపుంటే మనకెందుకమ్మా? చెట్టు మీంచి నోట్లోకి ఎంతసేపు? అది చెప్పు" అన్నారు.

నేను ఒక కాగితం తీసుకుని రాశాను. తెల్లవారి ఆరింటికి గెడకి కట్టిన చిక్కంతో కాయ దించుతారు. సొన కారిపోయేదాకా బోర్లా పెట్టి ఉంచాలి. ఏరడం, పెట్టెల్లో సర్దడం అయ్యేసరికి పన్నెండు. వ్యాను హనుమాన్ జంక్షన్ దాకా బాగానే వెళ్తుంది, అక్కడ లారీల మధ్య ఇరుక్కుంటుంది. గన్నవరంలో తూకం, తనిఖీ, ఆ తర్వాత వేడి రేకుల కింద ఎదురుచూపు. సాయంత్రం విమానం. ఢిల్లీలో దిగాక గోదాములో పడక. మర్నాడు పొద్దున ఢిల్లీ ఆయన విడిపించుకుని ఇళ్లకి తిప్పేసరికి మధ్యాహ్నం. మొత్తం ముప్పై గంటలు తేలింది. అందులో గాల్లో ఉండేది రెండున్నర గంటలు. మిగతాదంతా ఎక్కడో ఒకచోట పడి ఉండటమే.

మావయ్యగారు కాగితం చూడకుండా వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుని, "ఒక పూట ఇటూ అటూ వేసుకో. ఢిల్లీ ఇప్పుడు రెండు రోజుల కాయ" అన్నారు. నాకు నచ్చిన మొదటి అంకె అదే.

పని ఇలా జరిగేది. మావయ్యగారు షెడ్డులో పీట మీద కూర్చుని కాయలు చూసి నాలుగు కుప్పలుగా వేసేవారు. ఒక రోజువి, రెండు రోజులవి, మూడు, నాలుగు. రెండు రోజుల కుప్ప ఢిల్లీకి. ఆయన ఎదురుగా ఒకావిడ కూర్చుని పెట్టెల్లో వరిగడ్డి పరిచి, ఒక్కో కాయను తొడిమ కిందికి ఉండేలా పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పేది. ముసునూరు అవతల ఊరు ఆవిడది. యాభై దాటి ఉంటాయి. పద్దెనిమిదేళ్లుగా మా షెడ్డులోనే పని. ఎక్కువ మాట్లాడదు. కాయను పెట్టెలో పెట్టే ముందు దవడకి ఒకసారి ఆనించుకునే అలవాటు ఉండేది ఆవిడకి. పసిపిల్లకి జ్వరముందేమో చూసినట్టు. మొదట్లో నేను చెమట తుడుచుకుంటోందనుకున్నాను.

మొదటి మూడు వారాలు ఢిల్లీ నుంచి పొగడ్తలే. అయినా నాకు నిద్ర పట్టలేదు. విమానాలు ఎక్కడున్నాయో చూపించే యాప్ ఒకటి ఫోనులో వేసుకుని, మా పెట్టెలున్న విమానం వెంట కూర్చునేదాన్ని. గన్నవరంలో లేచి ఉత్తరానికి తిన్నగా వెళ్లేది. ఢిల్లీ దగ్గరికి వచ్చాక దిగకుండా గాజుల్లా చుట్లు తిరిగేది. ఒకరోజు అరగంట తిరిగింది. అయినా టైముకే చేరిందని రాశారు. అంటే ఆ అరగంట ముందే కలిపి చెబుతున్నారన్నమాట! పార్సిల్ ఆఫీసులో మేమూ అదే చేసేవాళ్లం. రెండు రోజులు పట్టేదానికి నాలుగని చెప్పి, మూడో రోజున ఇచ్చి మెప్పు కొట్టేసేవాళ్లం. ఒకరి చేతివాటం ఇంకొకరికి తెలియకుండా పోతుందా?

నా అనుమానం విమానంతో ఆగలేదు. వ్యాను డ్రైవరు జంక్షన్లో టీ కోసం ఎంతసేపు ఆపుతున్నాడో తెలుసుకోవాలని ఒకరోజు ముందు సీట్లో నేనే కూర్చుని వెళ్లాను. పాపం, అతను ఆ రోజు టీ కూడా తాగలేదు. నా మొహం చూసి ఆకలి చచ్చిందని తర్వాత ఎవరితోనో అన్నాడట.

అన్నిటికంటే ఎక్కువగా ఢిల్లీ ఆయన మీద కన్ను వేశాను. అంత దూరంలో కాయ బాగుందో బాగోలేదో ఆయన చెప్పిందే మాట. రేపు బాగున్నవాటిని కూడా పాడైపోయాయంటే మనం వెళ్లి చూస్తామా? అందుకని ఒక ఏర్పాటు చేశాను. ప్రతి లోడులోనూ ఒక పెట్టె పంపకుండా ఆపేదాన్ని. అదే చెట్టు కాయ, అదే చెయ్యి ఏరినది, అదే గడ్డి. దానికి సాక్షి పెట్టె అని పేరు పెట్టాను. ఢిల్లీలో తినే రోజున నేను ఇక్కడ దాన్ని తెరిచేదాన్ని. ఇక్కడ బాగుండి అక్కడ బాగోలేదంటే, దారిలోనో అక్కడో ఏదో జరిగినట్టు. పార్సిల్ ఆఫీసులో నాకు ఈ తెలివి ఉండి ఉంటే మేనేజర్నయ్యేదాన్ని.

నాలుగో వారం ఢిల్లీ ఆయన ఫోన్ చేశారు. "ఏంటండీ ఇది, సగం కాయలు రాళ్లలా ఉన్నాయి. మూడు రోజులైనా పండేలా లేవు. ఇళ్లవాళ్లకి నేనేం చెప్పను?" అన్నారు. నాకు లోపల కొంచెం సంతోషం వేసింది. దొరికావు నాయనా అనుకుని ఫోన్ పట్టుకునే సాక్షి పెట్టె దగ్గరికి వెళ్లి గడ్డి తీశాను. చిన్నరసాలు పచ్చగా, గట్టిగా, నా మొహంలోకి చూస్తున్నాయి. సగం అవే రాళ్లు.

ఆయన అబద్ధం ఆడలేదు. విమానం తప్పూ లేదు. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎగిరిన కాయ, నా మంచం పక్కన కదలకుండా ఉన్న కాయ ఒకేలా ఉన్నాయంటే, గొడవ దూరంలో లేదు. షెడ్డులో ఉంది. అప్పుడు నేను భయపడ్డాను. ఎందుకంటే ఆయన చివర్లో, "పెద్దాయన ఏరిన కాయని చెప్పే మేం అమ్ముతున్నామండీ. ఇంకొక్కసారి ఇలా వస్తే ఇక మీ కాయ వద్దు" అన్నారు. అమ్మకం సంగతి అలా ఉంచండి. మావయ్యగారి పేరు మీద మాట వచ్చింది. డెబ్భై రెండేళ్ల మనిషి, ఆ పేరు తప్ప ఇంకేదీ సంపాదించుకోలేదు. తోట కూడా తాతలదే.

ఆయన తప్పు ఏరతారన్న ఆలోచన నాకు రానే లేదు. లోకంలో ఉన్న అందరినీ అనుమానించే నేను, ఆ ఒక్క బొటనవేలిని మాత్రం అనుమానించలేదు. మరి ఆయన ఏరిన కాయ పెట్టెలోకి వెళ్లేలోపు మారాలంటే ఒకటే దారి. మధ్యలో ఉన్నది ఒక్క మనిషి.

మర్నాటి నుంచి పెట్టెలకి చీటీలు అంటిస్తున్నట్టు నటిస్తూ గడ్డి పరిచే ఆవిడ మీద కన్నేశాను. రెండో రోజే దొరికింది. మావయ్యగారు "రెండు" అని వేసిన కాయను తీసింది, దవడకి ఆనించుకుంది, పెట్టెలో పెట్టలేదు. ఒళ్లో పరుచుకున్న గోనెపట్టా కిందికి తోసింది. తర్వాత చెయ్యి చాచి, ఎవరూ చూడకుండా మూడు రోజుల కుప్పలోంచి ఒక కాయ తెచ్చి పెట్టెలో పెట్టింది. పది నిమిషాల్లో ఇలా నాలుగుసార్లు. నా ఒళ్లు మండిపోయింది. మంచివి దాచుకుని, పచ్చివి సర్దుతోంది! ఢిల్లీలో ఆ ఇళ్లవాళ్ల ముందు మా పేరు పోగొడుతున్నది ఈ మనిషా!

లేచి వెళ్లి గోనెపట్టా లాగేశాను. ఎనిమిది కాయలు దొర్లాయి. కాయలు దించేవాళ్లు, మోసేవాళ్లు, పెట్టెలు కట్టేవాళ్లు, పదిమంది అక్కడే ఉన్నారు.

"ఇదేంటి?" అన్నాను.

ఆవిడ కాయల వైపు చూసింది గాని నా వైపు చూడలేదు. "అవి రెండ్రోజుల కాయలు కావండి" అంది.

"మావయ్యగారు రెండన్నవి నువ్వు కాదంటావా? ఇన్నేళ్లు నమ్మి పెట్టుకుంటే దొంగతనమా చేసేది?"

ఆవిడ మావయ్యగారి వైపు చూసింది. ఆయన నాలుగడుగుల దూరంలో పీట మీదే ఉన్నారు. ఆయనా ఆవిడ వైపు చూశారు. తర్వాత భుజం మీద తువ్వాలు తీసుకుని, ఏ సొనా అంటని చేతులు మెల్లగా తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎన్నో ఏళ్లుగా నమ్మిన మనిషి ఇలా చేసిందే అని బాధపడుతున్నారనుకున్నాను. నా కోపం ఇంకా పెరిగింది. "రేపట్నించి రావద్దు" అన్నాను. ఆవిడ గోనెపట్టా దులిపి, మడిచి, మా గోడకి ఆనించి పెట్టి వెళ్లిపోయింది. అది మాది కాబట్టి తీసుకెళ్లలేదు.

దొంగ దొరికిందని ఆ పూట నేను కడుపునిండా తిన్నాను. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ వారాంతంలో ఢిల్లీలో ఒక గృహప్రవేశం. భోజనాల్లో వడ్డించడానికి ఇరవై పెట్టెల చిన్నరసాలు కావాలన్నారు. ఈసారి ఎక్కడా లోపం జరగకూడదని గడ్డి నేనే పరిచాను. మావయ్యగారు ఎప్పటికంటే ఎక్కువసేపు చూసి ఏరారు. కొన్ని కాయల్ని రెండుసార్లు, మూడుసార్లు నొక్కారు. వ్యాను వెనక బైకు మీద మా ఆయన్ని గన్నవరం దాకా పంపాను. విమానం కూడా ఆ రోజు చుట్లు తిరగకుండా దిగింది. అన్నీ నా మాట విన్న రోజు అదొక్కటే.

గృహప్రవేశం రోజు పన్నెండున్నరకి ఢిల్లీ ఆయన ఫోన్ చేయకుండా ఫోటోలు పంపారు. ఒకే పెట్టెలో సగం పచ్చివి, సగం నీళ్లు కారుతున్నవి. కింద ఒక్క వాక్యం: "భోజనాలకి కూర్చున్నాక చూసుకున్నాం." నేను సాక్షి పెట్టె ముందు కూర్చుని చాలాసేపు గడ్డి తీయలేదు. తీశాక వాసన వచ్చింది.

కుళ్లిన కాయల్ని ఒక్కొక్కటే బయట పెట్టాను. ప్రతిదానికీ తొడిమ పక్కన నల్లటి మచ్చ ఉంది. ఒకటే సైజు, ఒకటే చోటు. నా బొటనవేలు ఆ మచ్చ మీద పెట్టి చూశాను. కొంచెం పెద్దది. మగవాళ్ల వేలు. మెల్లగా నొక్కితే పడే మచ్చ కాదది. ఏమీ తెలియక, ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా నొక్కితే పడేది.

ఆ మధ్యాహ్నం కాఫీ పెట్టి మావయ్యగారికి ఇవ్వడానికి వెళ్లాను. స్టీలు గ్లాసు పొయ్యి మీంచి దించినంత వేడి. నేను చీర కొంగుతో పట్టుకున్నాను. ఆయన మామూలుగా పిడికిలితో అందుకుని, ఈ ఏడాది వానలు ముందే వస్తాయా అని అడుగుతూ అలాగే పట్టుకుని కూర్చున్నారు. వేళ్లు ఎర్రబడుతున్నాయి. ఆయనకి తెలియడం లేదు. పదిహేనేళ్ల షుగరు. అరికాళ్లు మొద్దుబారాయని చెప్పేవారు గాని, చేతుల సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

గ్లాసు ఆయన చేతిలోంచి తీసి కింద పెట్టి, లోపలికి వెళ్లి హాజరు పుస్తకం తెరిచాను. నాలుగో వారం, ఆ రాళ్ల లోడు వెళ్లిన రోజు. గడ్డి పరిచే ఆవిడ గడిలో ఇంటూ గుర్తు. కూతురి పురుడని ఏలూరు వెళ్లింది ఆ రోజు. గడ్డి పెట్టెలు కట్టేవాళ్లే పరిచారు. ఆ వేసవిలో నేను వెళ్లగొట్టేదాకా ఆవిడ రాని రోజు అదొక్కటే. నా చేత్తో నేనే పెట్టిన గుర్తు. విమానాలు ఎన్ని నిమిషాలు ఆలస్యమయ్యాయో రాసుకున్నదాన్ని, అది చూసుకోలేదు.

మర్నాడు ఆటోలో ఆవిడ ఊరు వెళ్లాను. వాకిట్లో కూర్చుని మినుములు చెరుగుతోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు.

"మావయ్యగారి చెయ్యి ఎప్పట్నించి ఇలా ఉందక్కా?" అన్నాను.

ఆవిడ చేట కింద పెట్టింది. "రెండేళ్లయిందండి. మొదట్లో పదికి ఒకటి తప్పేది. ఇప్పుడు సగం. వేళ్లకి తెలీటం లేదు పాపం. మాగబోయే కాయ కాస్త వెచ్చగా ఉంటదండి, చెంపకి తెలుస్తది. తప్పినవి పక్కకి తీసేసి, పక్క కుప్పలో పడ్డ రెండ్రోజులవి తెచ్చి పెట్టేదాన్ని. తీసేసినవి ఆయన భోజనానికి లేచినప్పుడు ఏ కుప్పవి ఆ కుప్పలో వేసేసేదాన్ని."

"ఆయనకి తెలుసా?"

"అడగలేదండి. అలాంటివి ఎలా అడుగుతాం?"

"మరి ఆ రోజు నాకెందుకు చెప్పలేదు?"

"పదిమందిలో పెద్దాయన చెయ్యి పోయిందని చెప్పమంటారా?" అని, మళ్లీ చేట అందుకుని, "ఆయనే చెప్తారనుకున్నానండి" అంది.

తప్పయిపోయింది, రేపట్నించి రా అన్నాను. ఆవిడకి కోపం కూడా రాలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. "దొంగనని పదిమందిలో అన్నారు. మా కోడలి చెవిన కూడా పడింది. కాదని కూడా ఆ పదిమందిలోనే చెప్పండి, వస్తాను" అంది.

తిరిగి వస్తూ ఆటోలో అదే ఆలోచన. ఆవిడ దొంగ కాదని చెబితే, మరి గోనెపట్టా కింద కాయలేంటని అడుగుతారు. నిజం చెబితే నలభై ఏళ్ల పేరు ఆ షెడ్డులోనే పోతుంది. చెప్పకపోతే ఆవిడ దొంగగానే మిగిలిపోతుంది. ఎవరో ఒకరి పేరు పోవాలి. మావయ్యగారితో ఏమీ అనలేదు. నా మీద వేసుకుని, లోడు లెక్కలో నేనే పొరబడ్డానని ఏదో ఒకటి చెప్పేద్దామనుకున్నాను. పార్సిల్ ఆఫీసు తెలివి ఎక్కడికి పోతుంది?

మర్నాడు పొద్దున అందరూ వచ్చాక ఆవిడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. నేను షెడ్డు మధ్యలో నిలబడి, "మొన్న నేనన్న మాట తప్పు. ఆవిడ దొంగతనం చేయలేదు. పొరపాటు నాది" అన్నాను.

కాయలు మోసే ఒకతను, చెడ్డగా ఏం కాదు, మామూలుగానే అడిగాడు. "మరి పట్టా కింద కాయలేంటండీ?"

"లోడు లెక్కలో నేనే..." అని సిద్ధం చేసుకున్న అబద్ధం మొదలుపెట్టాను. ఆవిడ నా వైపే చూస్తోంది.

"నేను తప్పేసిన కాయలురా అవి" అన్నారు మావయ్యగారు. పీట మీంచి లేవలేదు. రెండు చేతులూ ముందుకు చాపి చూపించారు. "వీటికి ఏమీ తెలీటం లేదు. రెండేళ్లుగా గుమ్మంలో ఉన్న ఆ అమ్మాయే దిద్దుతోంది. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

నాకు ఆయన మీద జాలి కలగాల్సింది. కోపం వచ్చింది. "తెలిస్తే ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు మావయ్యగారూ? నేను ఆవిడని దొంగంటుంటే చేతులు తుడుచుకుంటూ కూర్చున్నారే!"

"నలభై ఏళ్ల పేరమ్మా. నోరు తెరిస్తే నిమిషంలో పోతుందనిపించింది."

గుమ్మం దగ్గర నుంచి ఆవిడ అంది, "నాది పోయిందిగా అండి."

గొంతు పెంచలేదు. మావయ్యగారు చాపిన చేతులు ఒళ్లోకి లాక్కున్నారు. ఆవిడ అక్కడున్నవాళ్లందరినీ ఒక్కొక్కరినీ చూసి, "విన్నారుగా" అంది. తర్వాత చేతిలో ఉన్న క్యారేజీ సంచి భుజానికి తగిలించుకుంది.

"రా అక్కా, కూర్చో" అన్నాను. నిన్న వస్తానందని ఆవిడ చోటులో కొత్త పట్టా కూడా వేయించి పెట్టాను.

"మాట కోసం వచ్చానండి, పనికి కాదు. నూజివీడులో వేరే షెడ్డువాళ్లు రమ్మన్నారు. అక్కడ కాయ చూడటానికే పెట్టుకుంటామన్నారు" అని, మావయ్యగారి వైపు తిరిగి, "మందులు మానకండి" అని చెప్పి రోడ్డు మీదికి వెళ్లింది. ఆగిన ఆటో ఎక్కింది. నేను గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. బతిమాలడానికి నాకు మొహం లేదు.

పొద్దున దించిన కాయంతా షెడ్డు నిండా ఉంది. ఆఖరి అవకాశం ఇమ్మని ఢిల్లీ ఆయన్ని కాళ్లావేళ్లా పడి ఒప్పించిన లోడు అది. మావయ్యగారు పీట మీద కూర్చునే ఉన్నారు గాని ఒక్క కాయా ముట్టుకోలేదు. నేను ఒకటి తీసుకుని చెంపకి ఆనించుకున్నాను. చల్లగా ఉందో వెచ్చగా ఉందో నాకేం తెలియలేదు. నా చెంపే మండుతోంది.

పన్నెండింటికి ఢిల్లీకి ఫోన్ చేసి, ఈ రోజు పంపడం లేదని చెప్పాను. ఆయన కంగారు పడ్డారు.

"విమానం క్యాన్సిల్ అయిందా?"

"లేదండి. టైముకే ఉంది."

"మరి? పెద్దాయనకి ఒంట్లో బాగోలేదా? ఆయన ఏరితేనే కదండీ మీ కాయ."

"ఇన్నాళ్లూ ఏరింది ఆయన కాదండి. మా షెడ్డులో ఒకావిడ ఉండేది."

"అయితే ఆవిడ చేతే ఏరించండి. ఎక్కడున్నారావిడ?"

"ఇక్కడికి అరగంట దూరంలోనే ఉందండి" అన్నాను. "దొంగ అని నేనే వెళ్లగొట్టాను."